నాన్‌లోకల్ కోడళ్లు

మా మేనత్త 90 రోజుల వీసా మీద నా దగ్గరికి వచ్చింది. షెంగెన్ లెక్కలో అంతకు మించి ఒక్క రోజు కూడా ఉండనివ్వరు. టైము తక్కువని తెలుసు కాబట్టి మూడో రోజు నుంచే నా కాపురాన్ని తనిఖీ చెయ్యడం మొదలుపెట్టింది. ఆవిడ పుట్టింది తెనాలి, మెట్టింది కరీంనగర్. 1979లో పెళ్లి. నేను బెజవాడలో పుట్టి, బీఫార్మసీ చదివి, ఒక జర్మన్‌ని చేసుకుని నాలుగేళ్ల కిందట ఆయన ఊరికి వచ్చిపడ్డాను. నైరుతి జర్మనీలో ట్యూబింగెన్ దగ్గర, నెకర్ నది ఒడ్డున చిన్న ఊరు. ఈ ప్రాంతాన్ని ష్వాబెన్ అంటారు. ఇక్కడి మాట తీరు వింటే బెర్లిన్ వాళ్లు కూడా ఒకసారి ఆగి, మళ్లీ చెప్పమంటారు.

అది నవంబరులో ఒక ఆదివారం. కొట్లన్నీ మూసి ఉన్నాయి. మా ఆయన వాళ్లమ్మని తీసుకురావడానికి వెళ్లాడు. నాలుగింటికి కాఫీ, కేకు ఇక్కడ ఆదివారపు ఆచారం. ఈలోగా అత్త వంటింట్లో జంతికల పిండి కలుపుతోంది. గొట్టం తెనాలిది, ఇత్తడిది. సూట్‌కేసులో చీరలు తగ్గించుకుని మరీ తెచ్చింది. మాట ఆవిడే మొదలుపెట్టింది. గుర్తున్నంతవరకు రాస్తున్నాను. నాకు అనుకూలంగా అక్కడక్కడా సర్దుకుని ఉంటాను గాని, ఆవిడ గెలిచిన చోట్ల మాత్రం చెయ్యి పెట్టలేదు.

అత్త: ఒకటడుగుతా, ఏమీ అనుకోకు. నాలుగేళ్లయింది కదే. ఇంకా ‘ఇక్కడివాళ్లు, ఇక్కడివాళ్లు’ అంటావేంటి? మరి నువ్వెక్కడున్నావ్?

నేను: ఇక్కడే ఉన్నాను. ఇక్కడిదాన్ని కాదు. రెండిటికీ తేడా లేదా అత్తా?

అత్త: ఉంది. లేదన్నదెవరు? నేను కరీంనగర్‌లో బస్సు దిగిన రోజున నాకూ ఉంది. మెట్టినిల్లు ఏ ఆడపిల్లకైనా పరాయి దేశమే. నీది కొంచెం దూరమైంది, అంతేగా. మా వాణ్ణి చేసుకుని ఉంటే కరీంనగర్‌తో పోయేది.

నేను: బావ విషయం మళ్లీ ఎత్తకు. నీకు పాస్‌పోర్టు అడిగారా? కాపురానికి పోయేముందు పరీక్ష రాయమన్నారా? నేను హైదరాబాద్‌లో ఏ1 జర్మన్ పాసై, ఆ సర్టిఫికెట్ పెడితేగాని మొగుడి దగ్గరికి వెళ్లడానికి వీసా ఇవ్వలేదు. వచ్చాక 600 గంటలు భాష, ఇంకో 100 గంటలు ఈ దేశం చరిత్ర, చట్టం, పద్ధతులు. చివర్లో 33 ప్రశ్నల పరీక్ష. కాపురానికి సిలబస్ ఉన్న ఆడపిల్లని నేను.

అత్త: అదృష్టవంతురాలివి. మా అత్తగారింటికీ సిలబస్ ఉండేది. పుస్తకం ఇవ్వలేదంతే. ఫెయిలయ్యాక తెలిసేది, ప్రశ్నేంటో.

ఈ దెబ్బకి నేను నవ్వేశాను. వాదనలో నవ్వితే సగం ఓడినట్టే.

అత్త: వెళ్లిన వారానికే మా అత్తగారు ‘ఎల్లిగడ్డ తే బిడ్డా’ అంది. నేను వెల్లుల్లి అనడం తప్ప ఎరగను. ఏదో గడ్డ అంది కదాని ఉల్లిపాయలు తీసుకెళ్లా. ఆవిడ నన్నూ ఉల్లిపాయల్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత సంక్రాంతి వచ్చింది. సకినాలట. బియ్యప్పిండిలో నువ్వులు, వాము వేసి తడిపి, పరిచిన గుడ్డ మీద చేత్తో మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు తిప్పాలి. తెనాల్లో నేను వాటి పేరు కూడా వినలేదు. నా చుట్లు చూసి మా ఆడబిడ్డ ‘గివి జిలేబీలా వదినె?’ అంది. తెలుగు నేల మీదే, తెలుగు మాటల మధ్యే నేను మూగదాన్నయ్యా. నీకు భాష రాలేదంటే అర్థముంది. మరి నాకు వచ్చుగా!

నేను: నాకూ వచ్చనే అనుకుని దిగాను. కోర్సులో నేర్పింది పుస్తకం జర్మన్. మా అత్తగారు మాట్లాడేది స్వాబియన్, ఈ ష్వాబెన్ యాస. పుస్తకంలో ‘హేబెన్’ అంటే పైకెత్తడం. ఇక్కడ పట్టుకోవడం. ఆవిడ నిచ్చెనెక్కి కర్టెన్లు బిగిస్తూ కింది కొస హేబెన్ చెయ్యమంది. నేను పైకెత్తాను. రాడ్డు ఊడి ఇద్దరి నెత్తినా పడింది. ఇంకోటి విను. పుస్తకంలో ‘ఫూస్’ అంటే పాదం. ఓ రోజు ఆవిడ ఫూస్ నొప్పి అంది. ఫార్మసిస్టుని కదా, నాకెంత ఉత్సాహమో. అరికాలు నుంచి చీలమండ దాకా లేపనం రాసి రుద్దాను. ఆవిడ మారుమాట్లాడకుండా రాయించుకుంది. వారం తర్వాత తెలిసింది, నొప్పి మోకాల్లోనట.

అత్త: చూశావా? ఊరు మారింది గాని కథ మారలేదు.

నేను: మారింది. నీ కథలో మీ మామయ్య కూడా... సారీ, మా మామయ్య కూడా నిన్ను చూసి నవ్వి ఊరుకున్నాడు. నా కథలో మా ఆయన నా నోరయ్యాడు. అసలు చిక్కంతా అక్కడే ఉందత్తా. నా ఫ్రెండొకతె డాలస్‌లో ఉంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ గుంటూరువాళ్లే. వీసా గొడవలు, దారి తప్పడాలు, చలి, అన్నీ ఇద్దరికీ సమానంగా కొత్త. ఇద్దరూ కలిసి తిట్టుకుంటారు. నేనున్న ఇంట్లో అలా కాదు. నేను వణుకుతుంటే ఆయన కిటికీ తెరిచి ‘గాలి బాగుంది’ అంటాడు. ఆయనకది వాతావరణం, నాకు చలి.

అత్త: కిటికీ మూసెయ్.

నేను: మూస్తే బూజు పడుతుందట. రోజూ తెరవాలని అద్దె ఒప్పందంలోనే రాసి ఉంది.

అత్త: ఇదేం ఊరే!

ఆ ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరికీ తేడా రాలేదు. పిండి తడి చేత్తో శాలువా బిగించుకుని మళ్లీ అందుకుంది.

అత్త: సరే, అతనేం చేశాడు మరి? కొట్టాడా, తిట్టాడా?

నేను: ఏమీ చెయ్యలేదు. అదే కదా. ఉత్తరాలొస్తాయి ఇక్కడ, రోజూ. కరెంటువాళ్లు, ఆరోగ్య బీమావాళ్లు, టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికింతని నెలకి 18.36 యూరోలు వసూలు చేసే ప్రసారాలవాళ్లు. ఆయన కవరు చింపుతాడు, చదువుతాడు, ‘ఏం లేదు’ అంటాడు. ఫైల్లో పెడతాడు. బెజవాడలో మా ఇంటికొచ్చే ప్రతి కాగితం నేనే చూసేదాన్ని. నాన్న ఎల్‌ఐసీ, అమ్మ బ్యాంకు, ఇంటిపన్ను. ఇక్కడ కవరు మీద నా పేరున్నా నాకు వినపడేది ‘ఏం లేదు’.

అత్త: చదివి పెట్టేవాడున్నాడని సంతోషించక!

నేను: సంతోషించాను, మొదటి ఏడాది. తర్వాత మెట్ల గొడవ వచ్చింది. ఇక్కడ ‘కేర్‌వొకె’ అని ఒక ఆనవాయితీ. బిల్డింగులో ఒక్కో వారం ఒక్కో ఇంటివాళ్లు మెట్లు ఊడ్చి తుడవాలి. ఎవరి వంతైతే వాళ్ల తలుపుకి చిన్న పలక తగిలిస్తారు. 1492 నాటి ష్టుట్‌గార్ట్ పట్టణ చట్టంలోనే దీనికి మూలం ఉందని గొప్పగా చెప్పుకుంటారు. మా వంతు వచ్చింది. నేను ఊడ్చాను, తుడిచాను. కింది ఇంటి పెద్దావిడ వచ్చి, రెయిలింగ్ కింద వేలితో గీసి, ఆ వేలు మా ఆయనకి చూపించింది. నాకు కాదు, నా పక్కన నిలబడ్డ ఆయనకి. గడగడా ఏదో అంది. ఏమందని అడిగితే ‘ఏం లేదు, రెయిలింగ్ కూడా కొంచెం చూసుకోమంటోంది’ అన్నాడు. రెండేళ్ల తర్వాత, నా చెవికి ఈ యాస పట్టుబడ్డాక, అదే మాట ఆవిడ నోటి నుంచి ఇంకోసారి విన్నాను. ‘వాళ్ల దేశంలో మెట్లుండవేమో’ అందావిడ.

అత్త చెయ్యి పిండిలో ఆగింది.

అత్త: అతను అబద్ధం చెప్పాడా?

నేను: లేదు. రెయిలింగ్ సంగతి కూడా అందిగా, ఆ ముక్కొకటే నాకు చేరవేశాడు. అలా ఎన్నెన్ని వడకట్టాడో! ఆఫీసులవాళ్ల విసుగు, ఆయన చుట్టాల జోకులు. రెండేళ్లపాటు ముళ్లు తీసిన చేప ముక్కలా నాకు ఈ దేశాన్ని తినిపించాడు. నేనేమో ఎంత మంచివాళ్లో అనుకుంటూ నవ్వుతూ కూర్చున్నాను.

అత్త: ప్రేమున్నవాడు చేసే పనే అది.

నేను: ప్రేమే. కాదన్నానా? కానీ ఆ రోజే తెలిస్తే ఆ రోజే కోప్పడేదాన్ని. నా కోపం నాకు రెండేళ్లు ఆలస్యంగా చేరింది.

అత్త: మరి మీ పెళ్లి రోజు సంగతేంటి?

నేను: ఏ సంగతి?

అత్త: మీ బాబాయి పీటల దగ్గర అతన్ని చూసి ఒక మాటన్నాడు. మండపమంతా నవ్వింది. అతను నీ వైపు వంగి ఏమిటని అడిగాడు. నువ్వు చెప్పింది ఆ మాట కాదు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే గాని, ఆ మాటకి అంత చిన్న అనువాదం ఉండదని తెలుసు.

ఇది నేను ఊహించని వైపు నుంచి వచ్చింది. బాబాయి అన్న మాట ఇక్కడ కూడా రాయను. మా ఆయన ఏదో ఒకనాడు తెలుగు నేర్చుకుని ఈ వ్యాసం చదవచ్చు.

నేను: అది వేరు. ఆయన రెండు వారాలుండి వెళ్లిపోయే మనిషి. ఆయనకెందుకు ఆ బాధ?

అత్త: అదే అంటున్నా. నీ ఊళ్లో నువ్వు వడకట్టావు, అతని ఊళ్లో అతను వడకట్టాడు. లెక్క సరిపోయింది.

నేను: రెండు వారాలకీ జీవితకాలానికీ లెక్క సరిపోతుందా అత్తా? చట్టమేమంటుందో తెలుసా? ఇక్కడ నా నివాస పత్రం ఈ పెళ్లి మీద ఆధారపడి ఇచ్చింది. కలిసి మూడేళ్లు కాపురం చేస్తేగాని, విడిపోయాక సొంతంగా ఇక్కడ ఉండే హక్కు రాదు. కొట్టడం, హింసించడం లాంటివి జరిగితే మినహాయింపుంది. మిగతావాళ్లకి మూడేళ్లే. అంటే ఆ మూడేళ్లూ మేం ఉప్పు ఎక్కువైందని పోట్లాడుకున్నా, నా మనసులో ఓ మూల ఆ సెక్షనుండేది. ఆయన మనసులో ఉండేది కాదు.

అత్త: మూడేళ్లకి వచ్చేసిందా హక్కు?

నేను: వచ్చేసింది.

అత్త: నాకు ముప్పై ఏళ్లయినా రాలేదు. మొదట ఇల్లు మామగారి పేరు మీద ఉండేది. తర్వాత మీ మామయ్య పేరు. ఇప్పుడు మా వాడి పేరు. మీ దేశం చట్టంలో రాసి మరీ తేదీ చెప్పింది. మాకెవరూ తేదీ చెప్పలేదు.

‘మీ దేశం’ అంది. ఆవిడ గమనించినట్టు లేదు. నేను కూడా సరిదిద్దలేదు.

నేను: సరే, చదువు సంగతి చెప్పు. నాలుగేళ్లు బీఫార్మసీ చదివాను, రెండేళ్లు ఉద్యోగం చేశాను. ఇక్కడ ఫార్మసిస్టుగా నిలబడాలంటే అప్రోబేషన్ అనే లైసెన్సు కావాలి. వీళ్ల చదువుతో మన చదువుని పేపరు పేపరుగా పోల్చి చూస్తారు. తక్కువ పడితే పరీక్ష. అదికాక మందుల షాపులో మాట్లాడే భాషకి విడిగా ఇంకో పరీక్ష. వచ్చిన కొత్తలో దగ్గు మందు కోసం వెళ్లాను. లోపల ఏ రసాయనం కావాలో తెలుసు, ఎన్ని మిల్లీగ్రాములో తెలుసు, ‘దగ్గు’ అనే మాటొక్కటి తెలీదు. కౌంటర్ ముందు నిలబడి దగ్గి చూపించాను. అవతల ఉన్న అమ్మాయి నాకంటే చిన్నది. నేను నిలబడాల్సిన వైపు ఆమె నిలబడి ఉంది.

అత్త: నేను గుంటూర్లో బీఏ, బీఈడీ. ఆ రోజుల్లో మా వీధిలో బీఈడీ చేసిన ఆడపిల్లని నేనే. కరీంనగర్ వెళ్లి టీచరు ఉద్యోగానికి కాగితాలు పట్టుకెళ్తే ‘నాన్‌లోకల్’ అన్నారు. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వొచ్చింది. ఎక్కడ వరసగా నాలుగేళ్లు చదివితే అక్కడే లోకల్. పోస్టుల్లో పెద్ద వాటా లోకల్ వాళ్లకి. మిగిలిన ఆ కాసిని పోస్టులకీ పోటీ చెప్పక్కర్లేదు. తప్పుపట్టను. మా ఉద్యోగాలు పైవాళ్లు పట్టుకుపోతున్నారనేగా 1969లో పిల్లలు ప్రాణాలిచ్చింది. కానీ నేనేమన్నా పట్టుకుపోవడానికి వెళ్లానా? కాపురానికెళ్లా. ఆ మాట రాసుకోవడానికి అప్లికేషన్‌లో గడి లేదు.

నేను: ఎప్పుడూ చెప్పలేదే?

అత్త: ఎవరడిగారు? ప్రైవేటు స్కూల్లో 26 ఏళ్లు తెలుగు చెప్పా. పెన్షన్ లేదు. నిన్ను పరాయి దేశం కాగితమడిగింది. నన్ను సొంత రాష్ట్రమే అడిగింది. చెప్పు ఇప్పుడు, ఎవరిది పరాయి దేశం?

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. నూనె కాగుతున్న చప్పుడు ఒక్కటే. ఈ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ అప్పుడు తోచింది అన్నాను.

నేను: నీకు కోపం వస్తే రైలెక్కి పుట్టింటికి రావచ్చుగా?

అత్త: కరీంనగర్‌కి రైలెక్కడిదే అప్పుడు? బస్సులో కాజీపేట, అక్కడ రైలెక్కి బెజవాడ, మళ్లీ బండి మారి తెనాలి. చంకలో పిల్లాడు. ఏడాదికోసారి వస్తే గొప్ప. ఇన్‌లాండ్ లెటర్ రాస్తే జవాబొచ్చేసరికి కోపం పోయేది. అది మంచికే అయింది. నీకేమో అరచేతిలో మీ అమ్మ. పొద్దున్నే లేచి ఫోన్ పెడతావు. నీకు ఏడైతే అక్కడ పదకొండున్నర, వాళ్ల వంటలైపోయి ఉంటాయి. వాళ్ల సగం రోజు కథంతా విని, అప్పుడు నీ రోజు మొదలెడతావు. ఒళ్లిక్కడ, చెవులు బెజవాడలో. కాళ్లెలా ఊనుకుంటాయ్?

నేను: ఆ ఫోనే లేకపోతే మొదటి చలికాలంలోనే తిరిగొచ్చేసేదాన్ని. నాలుగున్నరకల్లా చీకటి. అమ్మ ముఖం చూడకపోతే ఆ రోజుల్లో నేను తెలుగు మాట ఒక్కటీ పలికేదాన్ని కాదు. అయినా నేను ఊనుకున్నది ఫోను వల్ల కాదు, మా ఆయన వల్లా కాదు. కోర్సు వల్ల. క్లాసులో సిరియా ఆవిడ, ఉక్రెయిన్ అమ్మాయి, బ్రెజిల్ నుంచి ఇక్కడివాణ్ణి చేసుకుని వచ్చిన ఇంకో పిచ్చిది. మా అందరికీ కలిపి వచ్చిన భాష ఒక్కటే, తప్పుల జర్మన్. మాలో మాట్లాడుకుంటే ఎవరికీ సిగ్గు లేదు. ఎవరి మొగుడూ పక్కన కూర్చుని సవరించడు. నాలుగేళ్లలో నేను నా అంతట నేను సంపాదించుకున్న మనుషులు వాళ్లే. మిగతా అందరూ ఆయన వైపు నుంచి వచ్చినవాళ్లు.

అత్త: ఈ మాటకి మాత్రం ఒప్పుకుంటా. నాకు స్టాఫ్‌రూం అలా ఉండేది. మీ మామయ్య ఒక్కసారి కూడా చూడలేదు ఆ గది.

అన్నాక వేళ్లకున్న పిండి గీకుతూ కిటికీ వైపు చూసింది. బయట బీచ్ చెట్లు బోసిగా ఉన్నాయి.

అత్త: వీళ్లెవరన్నా మన వైపొచ్చి ఇట్లా అవస్థ పడ్డారా?

నేను: పడ్డారు. హెర్మన్ గుండెర్ట్ అని, 1814లో ష్టుట్‌గార్ట్‌లో పుట్టాడు, ట్యూబింగెన్‌లో చదివాడు. మిషనరీగా వచ్చి కొన్నాళ్లు మన చిత్తూర్లో ఉన్నాడు. తర్వాత కేరళలో తలశ్శేరి. 1872లో మలయాళ నిఘంటువు అచ్చువేశాడు. రచయిత హెర్మన్ హెస్సే ఈయన మనవడే. భార్య స్విట్జర్లాండ్ మనిషి, ఇంట్లో ఫ్రెంచి మాట్లాడే కుటుంబం. చిత్తూర్లోనే పెళ్లయింది.

అత్త: ఆవిడది ఫ్రెంచి, ఆయనది జర్మన్, ఊరిది మలయాళం. ఆయన నిఘంటువు రాశాడు, బాగుంది. ఉల్లిగడ్డలెవరు కొన్నారు?

ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో గుండెర్ట్ రాతప్రతులు భద్రంగా ఉన్నాయి. అత్త ప్రశ్నకి జవాబు వాటిలో ఉందో లేదో చూడాలి.

నేను: అసలు ప్రశ్న నేనడుగుతాను. 45 ఏళ్లయింది నీకు. అలవాటు పడ్డావా?

అత్త: పడ్డా. నేను కలగంటే కరీంనగర్ ఇల్లే వస్తుంది. సకినాలు మా ఆడబిడ్డ కంటే సన్నగా చుడతా. కానీ కూరలమ్మే ఆవిడ ఇప్పటికీ ‘మీదెక్కడమ్మా?’ అంటుంది. తెనాలెళ్తే మీ నాన్న ‘ఏంటే, తెలంగాణ యాసొచ్చేసింది’ అంటాడు. 2014 జూన్ 2న ఇల్లు కదలకుండానే నా రాష్ట్రం మారింది. నా తమ్ముడు ఒక రాష్ట్రం, నేనొక రాష్ట్రం.

నేను: అంటే పడలేదన్నమాట.

అత్త: నేను పడ్డా. అడిగేవాళ్లు పడలేదు.

ఈ మాట దగ్గరే మా సంవాదం ముగిసి ఉంటే ఆవిడే గెలిచేది. కానీ ఆవిడ ఊరుకునే రకం కాదు, పౌరసత్వం సంగతి ఎత్తింది. ఇక్కడ మా వైపులు తారుమారయ్యాయి. ఇంతసేపూ ‘ఇదేం కొత్త’ అన్న మనిషి ‘మార్చేసుకో’ అంది. ఇంతసేపూ హక్కులు లేవన్న నేను నసిగాను.

అత్త: ఇక్కడి పాస్‌పోర్టు ఇస్తారటగా? మీ ఆయన చెప్పాడు. తీసుకోవేం?

నేను: ఇక్కడివాళ్లని చేసుకున్నవాళ్లకి మూడేళ్లుంటే చాలు. 255 యూరోల ఫీజు. 2024 జూన్ 27 నుంచి పాత పౌరసత్వం వదులుకోనక్కర్లేదని జర్మనీ చట్టం మార్చుకుంది. కానీ మన చట్టం ఒప్పుకోదు. ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న క్షణాన మనది పోతుంది. ఓసీఐ కార్డిస్తారు. దాంతో రావచ్చు, పోవచ్చు, ఉండచ్చు. ఓటుండదు. పొలం కొనకూడదు.

అత్త: నువ్వెప్పుడు కొన్నావే పొలం?

నేను: కొనను. కొనచ్చు అని ఉండటం వేరు.

అత్త: తెనాలి దగ్గర మీ తాత ఎకరంన్నర వారసత్వంగా రావచ్చా, రాకూడదా?

నేను: రావచ్చు. వారసత్వానికి అడ్డులేదు.

అత్త: మరింకేం? కాగితం చేతికొస్తున్నప్పుడు కాళ్లు వెనక్కి లాగకూడదు. నాన్‌లోకల్ అనిపించుకున్నదాన్ని చెప్తున్నా. ఆ రోజు ఎవరైనా నాకొక్క సర్టిఫికెట్ ఇచ్చి ఉంటే, తెనాలి వదులుకోమన్నా వదులుకునేదాన్నేమో. ఇప్పుడు 26 ఏళ్ల సర్వీసుకి పెన్షన్ వచ్చేది.

నేను: మన పాస్‌పోర్టు తిరిగిచ్చే రోజు నాన్న ఏమంటాడో అనుంది.

అత్త: మీ నాన్న ఏమంటాడో నాకు తెలుసు, వాడు నా తమ్ముడు. రెండ్రోజులు మాట్లాడడు, మూడోరోజు కార్డు ఎలా ఉందో చూపించమంటాడు. నువ్వు దాస్తున్నది అది కాదు. ఆ పాస్‌పోర్టు ఉన్నన్నాళ్లూ ‘నేను వెళ్లిపోగలను’ అనుకోవచ్చు. అదీ.

కావచ్చు. నేను ఔనని అనలేదు. ఇక్కడ కూడా అనడం లేదు. ఒక్కటి మాత్రం అప్పుడే అడిగాను.

నేను: నువ్వూ అలా అనుకునేదానివా?

అత్త: మీ నాయనమ్మ పోయేదాకా. ఆవిడ పోయాక తెనాలి ఇంట్లో నా గది స్టోర్‌రూం చేశారు. ధాన్యం బస్తాల మీద కూర్చుని టీ తాగొచ్చా. ఆ తర్వాత అనుకోలేదు.

కింద కారు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద మా అత్తగారు ఒక్కో మెట్టుకి ఆగుతూ ఎక్కుతోంది. ఇక్కడ అత్తగారినైనా పేరు పెట్టి, నువ్వు అనే పిలుస్తారు. నాకు నోరు రాక మొదటి ఏడాదంతా ఏమీ పిలవకుండా, ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడేదాన్ని. మామయ్యని నలభై ఏళ్లలో ఒక్కసారీ పేరు పెట్టి పిలవని మా అత్తకి ఇదొక్కటీ వివరించనక్కర్లేకపోయింది.

ఆవిడ లోపలికొచ్చి, కుర్చీలో కూలబడి, స్వాబియన్‌లో ఏదో మూలిగింది.

‘ఏమంటోంది?’ అంది అత్త.

‘కాలు నొప్పట’ అన్నాను.

అత్త సరాసరి ఆవిడ మోకాలి వైపు చూసి, ‘మెట్లెక్కితే అంతే వదినగారూ, నాకూ కుడిదే’ అని తెలుగులో చెప్పి, తన మోకాలు తట్టి చూపించింది. ఆవిడ తలూపింది. నాకు వారం పట్టిన విషయం.

తర్వాత ఆవిడ చూపు ఇత్తడి గొట్టం మీద పడింది. చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కింది బిళ్లకున్న చిల్లుల్లో వేలు పెట్టి, ‘ష్పెట్స్‌లెప్రెస్సె!’ అంది. ష్పెట్స్‌లె ఇక్కడి వంటకం. గోధుమపిండి, గుడ్లు కలిపి జారుగా చేసి మరిగే నీళ్లలోకి ఒత్తుతారు. ఒత్తే సాధనం అచ్చం మన గొట్టమే, కాకపోతే చేతిపిడులుంటాయి. నీళ్లలోకి కాదు, నూనెలోకని అత్త మూకుడు చూపించింది. ఇద్దరూ పొయ్యి దగ్గర చేరారు. నన్నెవరూ పిలవలేదు.

బల్ల దగ్గర కూర్చున్నాక అత్తగారు ఒక జంతిక విరిచి, నమిలి, దవడ పట్టుకుని ఒక మాటంది. మా ఆయన నా వైపు చూశాడు. ఏం చెప్తానోనని చూస్తున్నాడు.

‘ఏమంటోందే?’ అంది అత్త.

‘ఏం లేదు’ అనే మాట నోటిదాకా వచ్చింది.

‘రాయిలా ఉందట. రుచి బాగుంది గాని నా పళ్లకి కాదంటోంది.’

అత్త మొహం ఒక్క క్షణం బిగుసుకుంది. కేకు ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. ‘ఆవిడ కేకు చప్పగా ఉంది. అదీ చెప్పు’ అంది.

చప్పదనానికి స్వాబియన్‌లో సరైన మాట కోసం తడుముకుంటూ ఉండగానే, మా అత్తగారు అత్త మొహం చూసి, చక్కెర డబ్బా ఆవిడ ముందుకి జరిపింది.